వెనక భుజం

అనగా అనగా, మనుషుల భుజాల మీద మనుషులు ఊరేగిన కాలంలో, కొండల నడుమ తామరగండి అని ఒక చిన్న రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో బళ్ళు నడవవు. గుర్రాలు ఎక్కవు. ఎటు చూసినా రాళ్ళు, మలుపులు, లోయలు. అందుకని కోట పక్కనే ఒక పల్లకీ సావడి కట్టించారు. అందులో బోయీలు ఉండేవారు. పల్లకీ మొయ్యడమే వాళ్ళ పని. అదే వాళ్ళ కూడు, అదే వాళ్ళ పరువు.

ఆ సావడికి పెద్ద అచ్చియ్యమ్మ. ఆమె భర్త పెద్దబోయీగా ఉండి, కొండదారిలో కాలు జారి లోయలో పడి పోయాడు. అప్పుడు రాజుగారు, "సావడి గుట్టు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండగా కొత్తవాణ్ణి వెతకడం ఎందుకు?" అని ఆ పెద్దరికం ఆమెకే అప్పగించారు.

అచ్చియ్యమ్మ బోయీలకు గంజి కాచేది. పల్లకీ బొంగుకు నూనె పట్టించేది. తగవొస్తే తీర్పు చెప్పేది. ఆమెకు మాట తక్కువ. ఒకసారి చెప్పిందంటే మళ్ళీ మార్చేది కాదు.

బోయీలకు ఒక ఆనవాయితీ ఉంది. పల్లకీకి ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. ముందువాడు దారి చూస్తాడు. "రాయుంది" అంటాడు. "ముల్లుంది" అంటాడు. వెనకవాడికి దారి కనబడదు. వాడి కళ్ళెదుట పల్లకీ చెక్క తప్ప మరేమీ ఉండదు. అందుకని మాట విన్నానని తెలిసేలా "ఓహోం" అంటాడు. ఆ ఓహోం వినబడితేనే ముందువాడు అడుగు వేస్తాడు.

భుజం మార్చడానికీ ఒక పద్ధతి ఉంది. జంటలో ఒకడు కుడి భుజం పెడితే, ఒకడు ఎడమ భుజం పెడతాడు. ముందువాడు "మార్పు" అని కేక వేస్తే, నలుగురూ ఒక్కసారే భుజాలు మార్చుకోవాలి.

ఇంకొక ఆనవాయితీ ఉంది. అది కఠినమైనది. భుజం చెడిన బోయీ సావడిలో ఉండకూడదు. చేతికర్ర గోడకు ఆనించి, ఆ పొద్దే వెళ్ళిపోవాలి. అలా వెళ్ళినవాళ్ళు తరవాత ఏమయ్యారో సావడిలో ఎవరూ అడిగేవారు కారు.

ముందు జంటకు పెద్ద దాలయ్య. అచ్చియ్యమ్మ భర్త దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆయన్ని అన్నా అని పిలిచినవాడు. వెనక జంటకు పెద్ద గంగులు. గంగులు అచ్చియ్యమ్మకు ఒక్కగానొక్క కొడుకు.

ఒక వేసవిలో ఆ ఇద్దరికీ తగవు మొదలైంది.

రాజుగారి తల్లి రత్నాంబ వారం వారం కొండ మీదికి వెళ్ళి, జబ్బుతో ఉన్న చెల్లెలిని చూసి వచ్చేది. ఒకనాడు పల్లకీ దించీ దించగానే దాలయ్య అరుచుకుంటూ సావడిలోకి వచ్చాడు.

"వదినా, నీ కొడుక్కి చెప్పు. నాలుగడుగులకోసారి మార్పు కావాలంటాడు. పల్లకీ మోస్తున్నామా, ఉయ్యాల ఊపుతున్నామా?"

"ముందుండేవాళ్ళకేం చిన్నాన్నా!" అన్నాడు గంగులు. "కొండెక్కేటప్పుడు బరువంతా వెనక్కే జారుతుంది."

"నీ వయసులో నేను ఏనుగును ఎత్తుకుని ఎక్కేవాణ్ణిరా."

"ఆ ఏనుగేదీ ఇప్పుడు? నడక నేర్చుకుందా?"

గంగులుకు జంటగా మోసే చిట్టయ్య పక్కున నవ్వాడు. దాలయ్య మొహం కందగడ్డలా అయింది.

"కొండదారిలో మార్పు లేదు. అంతే. పైన దింపుడు బండ దగ్గర దించుతాం కదా, అక్కడ మార్చుకోవచ్చు. నడుస్తూ నడుస్తూ మార్చడానికి నేను ఒప్పుకోను."

"నేనూ ఒప్పుకోను. అంతదూరం ఒక్క భుజం మీద నావల్ల కాదు."

అచ్చియ్యమ్మ కొడుకు వంక చూసింది. వాడు కుడి భుజాన్ని గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు. ఈ మధ్య అన్నం తింటున్నా, మాట్లాడుతున్నా, వాడు ఆ భుజాన్ని దేనికో ఒకదానికి ఆనించే ఉంటున్నాడు.

'ఎందుకురా?' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ కొడుకును ప్రత్యేకంగా అడిగితే సావడి ఏమంటుంది? తల్లి కనక వాడి వైపు మొగ్గింది అంటుంది. అదొక్కటే కాదు. అడిగితే వాడు చెబుతాడు. చెబితే ఆమెకు తెలుస్తుంది. తెలిస్తే, ఆ కర్ర గోడకు ఆనించమని ఆమే చెప్పాలి.

ఆమె అడగలేదు.

"దింపుడు బండ దగ్గర ఒక మార్పు. కొండ మొదట్లోని సత్రానికీ పైన బండకీ సరిగ్గా సగం దారిలో ఇంకొక మార్పు. నీ మాట సగం, వాడి మాట సగం. ఇద్దరికీ సమానం."

సావడి అంతా తలలూపింది. "న్యాయమంటే ఇదీ," అన్నారు.

అచ్చియ్యమ్మ ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు. సగం దారి అంటే గద్దమలుపు అని ఆమెకు తెలియదు. అక్కడ దారి జానెడు. పక్కన లోయ. దాలయ్య ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఆమె అది చూసింది. అదీ అడగలేదు.

తరవాత రెండో తగవు వచ్చింది. అది ఆముదం దగ్గర.

పని అయ్యాక ఒళ్ళు రుద్దుకోవడానికి బోయీలకు సావడిలో ఒక ఆముదం కుండ ఉండేది. కుండ త్వర త్వరగా ఖాళీ కావడం మొదలైంది. ఒకరోజు దాలయ్య గంగులు చెయ్యి కుండలో ఉండగా పట్టుకున్నాడు.

"చూశావా వదినా! నా మడమలు బీటలు వారి నెత్తురొస్తుంటే ఒక్క చుక్క మిగలట్లేదు. వీడేమో నూనెలో ఈదుతున్నాడు. పెళ్ళికొడుకువట్రా నువ్వు?"

"నువ్వు ఈదకు. నీ మడమలు చూసి మొసళ్ళు సిగ్గుపడతాయి," అన్నాడు గంగులు. కానీ ఆ మాటలో ఎప్పటి హుషారు లేదు. చేతిలోని నూనె మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోలేదు.

అచ్చియ్యమ్మ ఒక కొబ్బరి చిప్ప తెచ్చింది. "రోజుకు మనిషికి ఒక చిప్ప. తలగొట్టి కొలుస్తాను. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు." కుండను ఉట్టి మీద పెట్టింది.

గంగులు తన చిప్ప తీసుకున్నాడు. చాలా సేపు దానిలోకి చూశాడు. "సరేనమ్మా," అన్నాడు.

వాడు నూనెను ఏం చేసుకుంటున్నాడో ఆమె అడగలేదు. తన పైబట్టను వాడు ఎవరికీ ఇవ్వకుండా తానే ఎందుకు ఉతుక్కుంటున్నాడో కూడా అడగలేదు.

మూడో తగవు కొండదారిలోనే వచ్చింది. పల్లకీ భుజాల మీద ఉండగానే.

"మెల్లగా నడు చిన్నాన్నా!" అన్నాడు వెనక నుంచి గంగులు.

"ఇంతకంటే మెల్లగా అంటే వెనక్కి నడవాలి."

"నడిస్తే నడు. ఆ వైపు నీకు బాగా అలవాటే కదా."

"నోరు ముయ్యరా! తల్లి పెద్దరికం చూసుకుని ఎగురుతున్నావు!"

మాట మాట పెరిగింది. పల్లకీ ఊగింది. లోపల రత్నాంబ భయపడి కమ్ములు పట్టుకుంది. ఆ సాయంత్రమే రాజుగారు అచ్చియ్యమ్మను పిలిపించారు. ఆయన కోపిష్టి కాదు. కానీ తల్లి అంటే ప్రాణం.

"అచ్చియ్యమ్మా, ఇంకొక్క తగవు నా చెవిన పడిందా, సావడికి తాళం వేయిస్తాను. దిగువ దేశం నుంచి కొత్త బోయీలను తెప్పిస్తాను."

సావడికి తాళమంటే అన్ని ఇళ్ళలోనూ పొయ్యి ఆరడమే. అచ్చియ్యమ్మ తిరిగి వచ్చింది. దీపం వెలిగించి, నలుగురినీ దాని ముందు నిలబెట్టింది.

"పల్లకీ భుజం మీద ఉన్నంతసేపూ ముందువాడు దారి చెప్పాలి. వెనకవాళ్ళు ఓహోం అనాలి. ఆపైన ఒక్క మాట ఎవరి నోటా రాకూడదు. దీపం ముందు ఒట్టెయ్యండి."

దాలయ్య ఒట్టేశాడు. తక్కినవాళ్ళూ వేశారు. గంగులు మాత్రం చెయ్యి చాపలేదు.

"అమ్మా, చెప్పవలసింది ఏదైనా ఉంటేనో?"

"దించాక చెప్పు."

"దించేదాకా ఆగనిదైతేనో?"

సావడి అంతా ఆమె మొహం వంకే చూస్తోంది. రాజుగారి మాట ఇంకా ఆమె చెవుల్లో మోగుతోంది.

"ఒట్టెయ్యి గంగులూ," అంది.

గంగులు ఎడమ చెయ్యి చాపాడు. ఎవరో "కుడి చెయ్యిరా" అన్నారు. వాడు కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని పైకెత్తి, దీపం ముందు పెట్టి ఒట్టేశాడు.

ఆ రోజు నుంచి తగవు లేదు. పల్లకీ వెళ్ళేది, వచ్చేది. "రాయుంది." "ఓహోం." "ముల్లుంది." "ఓహోం." కోటలో అందరూ మెచ్చుకున్నారు. రాజుగారు సంతోషించి అచ్చియ్యమ్మకు పట్టు శాలువా పంపారు. ఆమె దాన్ని కప్పుకోలేదు. పెట్టెలో పెట్టింది.

పల్లకీ బయలుదేరినప్పుడల్లా ఆమె గుమ్మంలో నిలబడి కొడుకు గొంతు వినేది. అది రోజు రోజుకూ సన్నబడుతోంది. సావడి ప్రశాంతంగా ఉంది కదా అని మనసుకు చెప్పుకునేది.

చినుకులు పడ్డ ఒక ఉదయం పల్లకీ మళ్ళీ కొండెక్కింది. సాయంత్రం అచ్చియ్యమ్మ గంజి కలుపుతూ చెవులు రిక్కించింది. దూరం నుంచి ఓహోం వినబడాలి. వినబడలేదు.

గరిట వదిలి బయటికి వచ్చింది.

ముందుగా రత్నాంబ కనిపించింది. రాజుగారి తల్లి ఉత్త కాళ్ళతో, బురదలో, నడిచి వస్తోంది. ఆమె వెనకాల పల్లకీ. దాన్ని దాలయ్య, అతని జంటవాడు, చిట్టయ్య, దారిన పోయే ఒక కట్టెలవాడు మోస్తున్నారు.

పల్లకీలో గంగులు ఉన్నాడు.

చిట్టయ్య నోరు విప్పాడు.

"గద్దమలుపులో మార్పు అన్నాడు దాలయ్య. గంగులు ఓహోం అన్నాడు. బరువు వాడి కుడి భుజం మీదికి వెళ్ళింది. రాయుంది అన్నాడు. ఓహోం అన్నాడు. జారుడుంది అన్నాడు. ఓహోం అన్నాడు. ఆ మూడో ఓహోం నా పక్కనే వినబడింది అచ్చియ్యమ్మా. అది మాట కాదు. ఏడుపు."

"మరి నువ్వు చెప్పలేదేం?"

చిట్టయ్య తల వంచుకున్నాడు. "ఒట్టు కదా," అన్నాడు.

ఆ మూడో ఓహోంతోనే గంగులు అక్కడ మోకాళ్ళ మీద కూలిపోయాడట. పల్లకీ లోయ వైపు ఒరిగింది. వాడు తన ఒంటినే దాని కిందికి తోసేశాడు. పల్లకీ వాడి మీద ఆగింది. లోయలో పడలేదు.

రత్నాంబ అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ కొడుకు నా ప్రాణం నిలబెట్టాడమ్మా. దించండి అని ఒక్క మాట అని ఉంటే నేనే దిగి నడిచేదాన్ని. నాకు కాళ్ళున్నాయి కదా. ఎందుకు అనలేదు?"



వైద్యుడు వచ్చి గంగులు పైబట్ట కోసి తీశాడు. కుడి భుజం మీద బొంగు ఒరిసి కాచిన కాయ ఎప్పుడో పగిలి, లోపలికి తొలిచి, ఎముకదాకా కుళ్ళి ఉంది. పుండు చుట్టూ ఆముదం పూసిన జాడ, కొబ్బరి చిప్పడు నూనె ఎంతవరకు వస్తే అంతవరకే ఉంది.

"ఇది ఇవాళ్టిది కాదు," అన్నాడు వైద్యుడు. "వేసవి నుంచీ ఉంది. ప్రాణం నిలుస్తుంది. చెయ్యి నిలవదు."

అచ్చియ్యమ్మ పెట్టె తెరిచింది. పట్టు శాలువా మడతపెట్టి కొడుకు భుజం కింద మెత్తగా పెట్టింది. అది ఆ ఒక్క పనికే వచ్చింది.

దాలయ్య గుమ్మం బయటే కూర్చుని ఉన్నాడు. లోపలికి రాలేదు. తలెత్తకుండా అన్నాడు.

"వదినా, భుజం బాగాలేదని వాడు నాకు చెప్పి ఉంటే! నాకేమన్నా పగా? ఎడమ భుజం రాయిలా ఉంది కదా వాడికి. ఎడమ మీదే మొయ్యరా అనేవాణ్ణి. చిట్టయ్య కుడి మీద మోస్తాడు. దారంతా మార్పే అక్కరలేదు."

"నిజమే," అన్నాడు చిట్టయ్య. "నా కుడి భుజం ఎద్దు మెడలాంటిది. పొద్దంతా మోస్తాను. నన్నెవరూ అడగలేదే!"

అచ్చియ్యమ్మ దాలయ్య వంక చూసింది. ఎన్నాళ్ళనుంచో నాలుక చివర ఆగిపోయిన మాట ఇప్పుడు బయటికి వచ్చింది.

"నీకు మార్పు ఎందుకు వద్దు దాలయ్యా?"



"అన్న పోయిన రోజు వెనక మోస్తున్నది నేనే. కాలు జారిందని అందరికీ చెప్పాం. ఎందుకు జారిందో చెప్పలేదు. నడుస్తూ భుజం మార్చుకున్నాడు వదినా. గద్దమలుపులోనే. పని నేర్పినవాడి పొరపాటు నా నోటితో ఎలా చెప్పను? అందుకే దారిలో మార్పు వద్దు వద్దు అని గోల పెట్టాను. నువ్వు సగం దారి అన్నప్పుడు చెప్పబోయాను. నువ్వు అడుగుతావేమో అని చూశాను."

ఒకరికి మార్పు వద్దు. ఒకరికి కుడి భుజం మీద బరువు వద్దు. ఆ రెండింటికీ తగవే లేదు. ఆమె రెంటినీ చెరి సగం నరికి, ఇద్దరికీ వద్దన్నదే ఇచ్చింది. మొగుణ్ణి మింగిన మలుపులోనే కొడుకు భుజం మార్పించింది.

రాజుగారు సావడికి తాళం వేయించారు. కోపంతో కాదు, భయంతో. బోయీలు తలో దిక్కుకూ పోయారు. దాలయ్య వెళ్ళేటప్పుడు తన చేతికర్రను గోడకు ఆనించి వెళ్ళాడు. అతని భుజాలు రెండూ బాగానే ఉన్నాయి.

తల్లీకొడుకులు ఉండటానికి సావడి పక్కన ఒక పాక మిగిలింది. గంగులు బతికాడు. కుడి చెయ్యి వేలాడుతూ ఉండేది. కానీ వాడి నోట మునుపటి మాట మళ్ళీ రాలేదు.

"ఆకలేస్తోందా నాయనా?" అంటే, "ఓహోం" అంటాడు.

"నిద్రపోతావా?" అంటే, "ఓహోం" అంటాడు.

"నొప్పిగా ఉందా?" అని ఆమె ఇప్పుడు రోజూ అడుగుతుంది. దానికీ "ఓహోం" అనే అంటాడు. ఉందనో, లేదనో, ఇప్పుడెందుకు అడుగుతున్నావనో ఆమెకు తెలియదు.

కొంతకాలానికి ఇద్దరు కుమ్మరులు కొట్టుకుంటూ ఆమె గుమ్మంలోకి వచ్చారు. ఇద్దరికీ కలిపి ఊళ్ళో కుండలు కాల్చే ఆవం ఒకటే. ఆ రోజే నాకు కావాలంటే నాకు కావాలని పట్టు.

"తీర్పు చెప్పు అచ్చియ్యమ్మా. చెరి సగం అన్నా సరే. వీడి పీడ వదిలితే చాలు."

"సగం ఆవంలో నీ మొహం కాల్చుకో!"

అచ్చియ్యమ్మ తీర్పు చెప్పలేదు. మొదటివాణ్ణి అడిగింది. "నీకు ఇవాళే ఎందుకు?"

"ఎల్లుండి పెళ్ళి. ఐరేణి కుండలు ఇస్తానని మాటిచ్చాను."

రెండోవాణ్ణి అడిగింది. "నీకు ఇవాళే ఎందుకు?"

"మబ్బు చూడు! పచ్చి కుండలు బయట ఉన్నాయి. వాన పడితే మట్టి ముద్దలవుతాయి. పెట్టుకోవడానికి నాకు చూరు లేదు."

అచ్చియ్యమ్మ లేచి పక్కకు చూపించింది. తాళం వేసిన సావడి. దాని ముందు పొడవాటి వసారా. కింద మనిషి లేడు. పైన కప్పు చెక్కుచెదరలేదు.

"నీ కుండలు అక్కడ పెట్టుకో. అతను ఇవాళ ఆవం కాల్చుకుంటాడు. ఎండ వచ్చాక నువ్వు కాల్చుకో."

కుమ్మరులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇంతేనా?" అన్నాడు ఒకడు. "ఇంత తేలికా?"

"ఇంతే," అంది అచ్చియ్యమ్మ.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె గుమ్మంలో కూర్చుని, పచ్చి కుండలు ఒక్కొక్కటే వసారాలోకి చేరడం చూసింది. మునుపు పల్లకీ ఆగే చోటే అవి వరసగా నిలబడ్డాయి. వాన మొదలైంది. ఆమె చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

లోపల నుంచి, ఎవరూ ఏమీ అడక్కుండానే, "ఓహోం" అని వినబడింది.

పిల్లలూ, పెద్దలూ, కలిసి పనిచేసే చోట తగవు వస్తే, ఎవరికి ఎంత అని కొలవడానికి ముందు, ఎవరికి ఎందుకు అని అడగాలి. అదీ మనిషి ఇంకా నోరు విప్పగలిగినప్పుడే అడగాలి.